కంటికి ఉప్పు మందు

కంట్లో ఉప్పునీళ్లు పడితే ఎంత మండుతుందో విశాఖ బీచ్‌లోనో సూర్యలంకలోనో అల వచ్చి మొహాన కొట్టినవాళ్లను అడగాలి. సముద్రపు నీటిలో ఉప్పు సుమారు మూడున్నర శాతం. మన కన్నీళ్లలో ఉండేది ఒక శాతం లోపే. ఆస్పత్రిలో ఎక్కించే సెలైన్ సీసా మీద 0.9 అని రాసి ఉంటుందే, దాదాపు అంత. కార్నియాకు నీరు పట్టిన రోగికి కంటి డాక్టరు రాసిచ్చే ఆయింట్‌మెంట్‌లో మాత్రం ఉప్పు 5 శాతం. సముద్రం కన్నా ఉప్పన. దాన్ని రాత్రి కంట్లో పెట్టుకుని పడుకోమంటారు.

ట్యూబు మీద రాసిన దినుసులు చదివితే అందులో ఇంకే మందూ కనపడదు. సోడియం క్లోరైడ్, దాన్ని మోయడానికి పెట్రోలియం జెల్లీ, మినరల్ ఆయిల్, కొన్నింటిలో లానోలిన్. యాంటీబయాటిక్ లేదు, స్టెరాయిడ్ లేదు. ఇంత సాదా సరుకుతో చూపు ఎలా తేటపడుతుందని అనుమానం రావడం సహజం. కొందరికి తేటపడుతుంది, కొందరికి మంట తప్ప ఏమీ మిగలదు. ఎవరికి ఏది జరుగుతుందన్నది కార్నియాలో నీరు ఎక్కడ చేరిందన్న దాన్ని బట్టి ఉంటుంది.

నల్లగుడ్డును ముందువైపు కప్పి ఉండే పారదర్శకమైన పొర కార్నియా. అడ్డంగా పదకొండున్నర మిల్లీమీటర్లు, నడుమ మందం అర మిల్లీమీటరు పైచిలుకు, అంటే సగటున 540 మైక్రాన్ల చుట్టుపక్కల. అందులో రక్తనాళాలు ఉండవు. పైన ఐదారు వరసల కణాలతో ఎపిథీలియం, దాని కింద మొత్తం మందంలో పదింట తొమ్మిది వంతులు ఆక్రమించే స్ట్రోమా, అన్నిటికన్నా లోపల డెసిమెట్ పొర, దాన్ని అంటుకుని ఒకే ఒక్క వరస కణాలతో ఎండోథీలియం. ఈ ఎండోథీలియం వెనక కంటి లోపలి ద్రవం ఉంటుంది. అంటే అటు కన్నీరు, ఇటు ఆ ద్రవం. రెండు తడుల మధ్య ఉండి కూడా ఈ కణజాలం ఉబ్బకుండా ఉండాలి.

ఉబ్బడం దానికి చాలా సులువు. స్ట్రోమాలో కొల్లాజెన్ పోగుల మధ్య నీటిని పీల్చుకునే గ్లైకోసమినోగ్లైకాన్లు అనే చక్కెర గొలుసులు దట్టంగా ఉంటాయి. కంటి నుంచి తీసిన స్ట్రోమా ముక్కను ఉత్త నీటిలో వేస్తే నీరు తాగి తాగి దాని మందం ఎన్నో రెట్లు పెరుగుతుంది, తెల్లగా పాలిపోతుంది. ఉబ్బితే తెల్లబడడం ఎందుకో 1957లో డేవిడ్ మారిస్ వివరించాడు. కొల్లాజెన్ పోగు ఒక్కోటి 25 నుంచి 30 నానోమీటర్ల లావు, అన్నీ ఇంచుమించు ఒకే సైజు, మధ్య ఎడం కూడా ఒకే తీరు. ఒక పోగు చెదరగొట్టిన కాంతిని పక్క పోగు చెదరగొట్టిన కాంతి రద్దు చేస్తుంది, నేరుగా ముందుకు పోయేది మాత్రమే మిగులుతుంది. పోగుల మధ్య నీరు చేరి ఆ ఎడం చెడితే ఈ రద్దు లెక్క తప్పుతుంది. పక్కనే ఉన్న తెల్లగుడ్డు కూడా కొల్లాజెన్‌తో చేసిందే. అక్కడి పోగులు సైజుల్లో ఒకదానికొకటి పొంతన లేకుండా అల్లుకుని ఉంటాయి కాబట్టి అది తెల్లగా ఉంది.

కాబట్టి కార్నియాలో చేరే నీటిని ఎవరో ఒకరు ఎప్పటికప్పుడు తోడాలి. ఆ పని లోపలి వరస కణాలది. ఎండోథీలియం తీసేస్తే కార్నియా ఉబ్బుతుందని జర్మన్ వైద్యుడు థియోడోర్ లేబర్ 1873లోనే గమనించాడు. అయితే ఆ కణాలు ఉత్త అడ్డుగోడగా నిలబడతాయా, పనిగట్టుకుని నీటిని బయటికి పంపుతాయా అన్న ప్రశ్న చాలాకాలం తేలలేదు. 1942లో అమెరికాలో డేవిడ్ కోగన్, ఎవరెట్ కిన్సీ ఒక సులువైన జవాబు చెప్పారు. ఇరువైపులా ఉన్న ద్రవాలు కార్నియాలోని ద్రవం కన్నా కాస్త ఉప్పన, అందుకే నీరు తనంతట తాను బయటికి లాగబడుతుంది, కణాలు పొరలా నిలబడితే చాలు అన్నారు.

వినడానికి బాగున్న ఆ సిద్ధాంతాన్ని తర్వాత ఒక ఫ్రిజ్ కూలదోసింది. జంతువుల కళ్లను చల్లగా ఉంచితే కార్నియా ఉబ్బుతోంది, మళ్లీ ఒంటి వేడికి తెస్తే పలచబడుతోంది. ఉప్పు తేడానే కారణమైతే చలికీ వేడికీ ఇంత వ్యత్యాసం ఉండకూడదు. చల్లబడితే ఆగిపోయి, వెచ్చబడితే మొదలయ్యేది జీవక్రియ. అంటే అక్కడ శక్తి ఖర్చు పెట్టి పనిచేసే పంపు ఉండాలి. 1972లో మారిస్ ఆ పంపు ఎండోథీలియంలోనే ఉందని చూపించాడు. సోడియం, బైకార్బొనేట్ అయాన్లను కణాలు లోపలి ద్రవంలోకి నెడతాయి, వాటి వెంట నీరు పోతుంది. కణాల మధ్య సందుల్లోంచి నీరు ఊరుతూనే ఉంటుంది, పంపు తోడుతూనే ఉంటుంది. రెండూ సరితూగినంతకాలం మందం 540 దగ్గర నిలుస్తుంది.

కోగన్ ఆలోచన కార్నియా ఆరోగ్యాన్ని వివరించడంలో ఓడిపోయింది గానీ వైద్యంలో నిలబడింది. 1943లో ఆయనే నీరు పట్టిన కార్నియా మీద గ్లిజరిన్ వేస్తే కాసేపు తేటపడుతుందని ప్రచురించాడు. వాచిన కార్నియా వెనక ఏముందో చూడాల్సి వచ్చినప్పుడు కంటి వైద్యులు ముందు మత్తు చుక్క వేసి, తర్వాత గ్లిజరిన్ చుక్క వేయడం ఇప్పటికీ ఉంది. గ్లిజరిన్ రోజూ వాడడానికి పనికిరాదు, మంట భరించలేం. రోజువారీ వాడకానికి 5 శాతం ఉప్పే నిలిచింది.

ఎండోథీలియం కణాల గురించి ఒక చేదు నిజం చెప్పుకోవాలి. అవి మన కంట్లో మళ్లీ పుట్టవు. పెద్దవాళ్లలో చదరపు మిల్లీమీటరుకు 2,500 నుంచి 3,000 ఉంటాయి, ఏటా అరశాతం పైచిలుకు తగ్గిపోతుంటాయి. ఒక కణం చనిపోతే పక్కవి సాగి ఆ చోటు కప్పుతాయి. అలా సాగి సాగి సంఖ్య 500 దగ్గరికి వచ్చేసరికి తోడే శక్తి చాలదు. నూరేళ్లు బతికినా మామూలు అరుగుదలతో అంత కిందికి రాము. జబ్బు తోడైతేనే చిక్కు.

ఆ జబ్బుల్లో పేరున్నది ఫుక్స్ డిస్ట్రఫీ. వియన్నా వైద్యుడు ఎర్నెస్ట్ ఫుక్స్ 1910లో 13 మంది రోగుల వివరాలతో దీన్ని వర్ణించాడు. డెసిమెట్ పొర మీద గుట్టే అనే చిన్న బొడిపెలు లేస్తాయి, వాటి చుట్టూ కణాలు రాలిపోతాయి. ఆడవాళ్లలో ఎక్కువ, చూపు ఇబ్బంది మొదలయ్యేది సాధారణంగా యాభై దాటాక. చాలామంది రోగుల్లో టీసీఎఫ్4 అనే జన్యువులో మూడక్షరాల డీఎన్ఏ ముక్క అవసరానికి మించి మళ్లీ మళ్లీ రావడం దీనితో ముడిపడి ఉందని 2012లో బయటపడింది. శుక్లాల ఆపరేషన్‌లో ఎండోథీలియం దెబ్బతిన్నప్పుడు వచ్చే వాపు మరో రకం. ఆపరేషన్ తర్వాత నాలుగు రోజులు కార్నియా కాస్త ఉబ్బి, మిగిలిన కణాలు తేరుకోగానే తగ్గిపోవడం మామూలే. తగ్గకుండా స్థిరపడితే అది బుల్లస్ కెరటోపతీ అనే వేరే కథ.

ఫుక్స్ రోగిని డాక్టరు అడిగే మొదటి ప్రశ్న చాలాసార్లు టైము గురించే ఉంటుంది.

"పొద్దున లేవగానే మసగ్గా ఉండి, పొద్దెక్కేకొద్దీ తేటపడుతోందా అమ్మా?"

"అవును బాబూ, పది దాటితే గానీ పేపర్లో అక్షరాలు ఆనవు. మా వాళ్లు నిద్రమత్తు అంటారు."

నిద్రమత్తు కాదది. నిద్రలో అందరి కార్నియా ఉబ్బుతుంది, ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కూడా సుమారు 4 శాతం. దానికి రెండు కారణాలు. కార్నియాకు రక్తనాళాలు లేవు కాబట్టి ప్రాణవాయువు ఎక్కువగా గాలి నుంచే తీసుకుంటుంది. రెప్ప మూశాక గాలి అందదు, రెప్ప లోపలి రక్తనాళాలు ఇచ్చేదే దిక్కు, అది మూడో వంతు మాత్రమే. ఆక్సిజన్ చాలక ఎపిథీలియం లాక్టిక్ ఆమ్లం తయారు చేస్తుంది, అది స్ట్రోమాలోకి దిగి నీటిని లాగుతుంది. రెండోది ఆవిరి. కళ్లు తెరిచి ఉన్నప్పుడు కన్నీటిలోంచి నీరు ఆవిరై, మిగిలినది కాస్త ఉప్పగా మారి, కార్నియా పైపొరలోంచి నీటిని మెల్లగా గుంజుతుంటుంది. రాత్రంతా ఆ గుంజుడు ఉండదు. పంపు బాగున్నవాళ్లకు లేచిన గంటా రెండు గంటల్లో ఆ నాలుగు శాతం తగ్గిపోతుంది, అసలు గమనించం కూడా. పంపు నీరసించినవాళ్లకు మధ్యాహ్నం దాకా పడుతుంది.

పగలు ఆవిరి ఉచితంగా చేసే పనిని రాత్రి ఉప్పుతో చేయించడమే ఆయింట్‌మెంట్ వెనకున్న ఆలోచన. మాగాయకు ముక్కలు కోసి ఉప్పు కలిపి మూత పెడితే మర్నాటికి జాడీలో ఊట ఎలా తేలుతుందో తెలిసినవాళ్లకు ఆస్మాసిస్ గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. కన్నీటి గాఢత లీటరుకు సుమారు 300 మిల్లీఆస్మోళ్లు, 5 శాతం ఉప్పుది 1,700 దాకా. ఎపిథీలియం పైవరస కణాలు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని ఉంటాయి. ఉప్పు వాటిని దాటడం ఆలస్యం, నీరు దాటడం తేలిక. ఆ ఆలస్యం ఉన్నంతసేపే మందు పని. ఉప్పు కూడా లోపలికి చేరి ఇరువైపులా సమమైతే లాగేది ఏమీ ఉండదు.

చుక్కల మందు కూడా ఇదే గాఢతలో దొరుకుతుంది, పగటిపూట నాలుగైదు సార్లు వేసుకోమంటారు. దాని చిక్కల్లా కంట్లో నిలవకపోవడం. కంటిమీద ఏ క్షణానైనా ఉండే కన్నీరు 7 మైక్రోలీటర్లు. సీసాలోంచి పడే చుక్క 30 నుంచి 50 మైక్రోలీటర్లు. సగం చెంప మీదికి జారుతుంది, మిగిలిన సగానికి కొత్త కన్నీరు కలిసి, ఉప్పు మంటకు ఇంకా ఊరి, కొద్ది నిమిషాల్లో ముక్కులోకి కొట్టుకుపోతుంది. ఆయింట్‌మెంట్ జిడ్డుగా ఉండి రెప్ప లోపల అంటుకుని, ఉప్పును కొద్దికొద్దిగా వదులుతుంది. దానివల్ల చూపు మసకబారుతుంది కాబట్టి పగలు ఇబ్బంది. రాత్రికి ఆ ఇబ్బంది లేదు, పైగా వాపు పెరిగేదీ రాత్రే. ఈ పొందిక నాకు మందుల లోకంలో అరుదైన తెలివిగా కనిపిస్తుంది.

పెట్టుకునే తీరు కూడా ఫలితాన్ని మారుస్తుంది. చేతులు కడుక్కుని, అద్దం ముందు తల కాస్త వెనక్కి వాల్చి, కింది రెప్పను వేలితో కిందికి లాగితే ఎర్రటి గాడి కనిపిస్తుంది. అందులో అర సెంటీమీటరు పొడవు మందు చాలు. ట్యూబు మూతి కంటికి గానీ రెప్పవెంట్రుకలకు గానీ తగలకూడదు. కన్ను మూసి గుడ్డును అటూ ఇటూ తిప్పితే మందు పరుచుకుంటుంది. నీటికాసులకో మరోదానికో వేరే చుక్కలు ఉంటే అవి ముందు వేసుకుని, పది నిమిషాలు ఆగి ఇది పెట్టుకోవాలి. ముందే జిడ్డు పరిస్తే చుక్క లోపలికి దిగదు. కాంటాక్ట్ లెన్సులు తీసేయాలి. నిమిషం రెండు నిమిషాలు మంట ఉంటుంది. అరగంటైనా తగ్గకపోతే, కన్ను ఎర్రబడితే, డాక్టరుకు చెప్పాల్సిందే.

వంటింట్లో ఉప్పు కలిపి కంట్లో వేసుకునే ప్రయోగం మాత్రం వద్దు. ఉప్పు దగ్గర తేడా లేదు, శుభ్రత దగ్గర ఉంది. వాచిన కార్నియా మీద పొర బలహీనంగా ఉంటుంది, నీటిలో ఉండే క్రిములు అక్కడ పుండు చేస్తే మచ్చ మిగులుతుంది. మన పెద్దలు కంట్లో పువ్వు పడిందనేది అలాంటి మచ్చనే. దాన్ని ఏ ఉప్పూ తీయలేదు.

ఆయింట్‌మెంట్ బలం ఎపిథీలియంలో చేరిన నీటి మీదే. చూపును ఎక్కువగా పాడు చేసేది కూడా నిజానికి అక్కడి నీరే. కార్నియా ముందుతలం నున్నగా ఉన్నంతకాలం వెనక స్ట్రోమా కాస్త మందమైనా చూపు ఓ మోస్తరుగా నడుస్తుంది. ఎపిథీలియంలో సూక్ష్మమైన నీటి బొట్లు చేరగానే దీపాల చుట్టూ రంగుల వలయాలు మొదలవుతాయి. బావిలోనో స్విమ్మింగ్ పూల్‌లోనో గంటసేపు కళ్లు తెరిచి ఈది వచ్చిన పిల్లలకు వీధి దీపం చుట్టూ వలయం కనిపించేది కూడా అందుకే. కన్నీటి కన్నా తక్కువ ఉప్పున్న మంచినీరు పైపొరలోకి చొరబడుతుంది. వాళ్లకు కాసేపట్లో అదే పోతుంది.

స్ట్రోమా అంతా ఉబ్బి, డాక్టరు కంటిని పెద్దదిగా చేసి చూసే స్లిట్ ల్యాంప్ కింద డెసిమెట్ పొర ముడతలు పడి కనిపించే దశలో ఉప్పు చేయగలిగింది తక్కువ. పైనుంచి లాగే కొద్దిపాటి నీటికన్నా వెనకనుంచి ఊరేది ఎక్కువ. ఇంకా ముదిరితే ఎపిథీలియం కింద నీటి బొబ్బలు లేస్తాయి. అవి పగిలినప్పుడు నొప్పి భరించరానిది. పైపొర చిరిగిన చోట ఉప్పుకు అడ్డు ఉండదు కాబట్టి లాగడం పోయి, మంట ఒక్కటే మిగులుతుంది. అలాంటి కంటికి కట్టులా పనిచేసే మెత్తని కాంటాక్ట్ లెన్సు పెడతారు. ఈ ఉప్పు మందు మీద జరిగిన అధ్యయనాల్లో చాలావరకు చిన్నవి, ఫలితాలూ ఒక్క తీరుగా లేవు. తొలి దశ వాపులో కొంత ఉపశమనం, ముదిరిన వాపులో నామమాత్రం అన్నదే అనుభవజ్ఞుల మాట. వాడి చూసి, నెల తర్వాత కూడా పొద్దుటి మసకలో తేడా లేదనిపిస్తే కొనసాగించడంలో అర్థం లేదు.

పంపు లోపంతో సంబంధం లేని ఒక జబ్బులోనూ ఈ మందు రాస్తారు. గోరు గీరుకునో కాగితం అంచు కోసుకునో కార్నియా పైపొర లేచిపోయి మానిన కొందరికి, వారాలో నెలలో గడిచాక తెల్లవారుజామున కన్ను తెరవగానే సూదితో పొడిచినట్టు నొప్పి వస్తుంది. కొత్తగా వచ్చిన పొర కిందికి సరిగా అతుక్కోదు, నిద్రలో కాస్త ఉబ్బి రెప్పకు అంటుకుంటుంది, రెప్ప తెరవగానే ఊడివస్తుంది. రాత్రి ఆయింట్‌మెంట్ ఆ ఉబ్బును తగ్గించి, రెప్పకూ పొరకూ మధ్య జిడ్డుగా నిలుస్తుంది. నొప్పి పోయిందని మానేయకుండా నెలల తరబడి వాడాలి.

ఉప్పు మందుతో కాలయాపన చేయకూడని సందర్భం ఒకటుంది. ఒక్కసారిగా కన్ను ఎర్రబడి, తలనొప్పి, వాంతులు, దీపాల చుట్టూ వలయాలు కలిసి వస్తే కంటి లోపలి ఒత్తిడి అకస్మాత్తుగా పెరిగి ఉండవచ్చు. మామూలుగా 15 మిల్లీమీటర్ల పాదరసం దగ్గర ఉండే ఒత్తిడి 50 దాటితే, పంపు ఎంత బాగున్నా నీరు కార్నియాలోకి నెట్టుకొస్తుంది. అక్కడ కార్నియా వాపు లక్షణం మాత్రమే. ఒత్తిడిని గంటల్లో దించకపోతే కంటి నరం పోతుంది.

ఫుక్స్ రోగులకు ఆయింట్‌మెంట్‌తో పాటు కొందరు డాక్టర్లు చెప్పే మరో చిట్కా హెయిర్ డ్రయ్యర్. పొద్దున చెయ్యి బారున పట్టుకుని, తక్కువ వేడి మీద, గాలి మొహం మీదికి కొద్ది నిమిషాలు తగలనివ్వడం. ఆవిరిని తొందరపెట్టడమే అందులోని మర్మం. హైదరాబాద్ వేసవి పొడిగాలిలో తేలిగ్గా గడిచే ఉదయం, కాకినాడ ఉక్కలోనో వానాకాలపు ముసురులోనో ఆలస్యంగా తేటపడితే కారణం అదే.

మసక విడిపోయే టైము తొమ్మిది నుంచి పన్నెండుకు, అక్కణ్నుంచి సాయంత్రానికి జరిగి, చివరికి రోజంతా నిలిచిపోతే ఇక ఆపరేషన్ మాట ఎత్తాలి. 1905 డిసెంబర్ 7న మొరేవియాలోని ఓలోమౌట్స్‌లో ఎడ్వర్డ్ జిర్మ్ తొలిసారి విజయవంతంగా కార్నియా మార్పిడి చేసినప్పుడు పొరలన్నీ కలిపి మార్చాడు. వందేళ్ల తర్వాత నెదర్లాండ్స్‌లో గెరిట్ మెల్లెస్ ప్రవేశపెట్టిన డీమెక్ పద్ధతిలో డెసిమెట్ పొర, ఎండోథీలియం మాత్రమే మారుస్తారు, మందం 15 మైక్రాన్లు. చిన్న కోతలోంచి లోపలికి పంపి, గాలి బుడగతో పైకి అదిమి, రోగిని వెల్లకిలా పడుకోబెడతారు.

దాతల కార్నియాను దాచే ద్రవంలోనూ నీటిని బయటినుంచి లాగే ఈ ఆయింట్‌మెంట్ సూత్రమే ఉంది. 1974లో మెక్‌కేరీ, కౌఫ్‌మన్ రూపొందించిన ఎంకే మీడియంలో డెక్స్‌ట్రాన్ కలుపుతారు. ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర పంపులు నిద్రపోతాయి కదా, అప్పుడు నీరు పట్టకుండా బయటినుంచి లాగిపట్టేది ఆ డెక్స్‌ట్రాన్. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రికి చెందిన రామాయమ్మ ఐ బ్యాంక్ ఈ ద్రవాన్ని తయారు చేసి ఇతర నేత్రనిధులకూ అందిస్తోంది. దాచగలిగేది నాలుగు రోజులు. చనిపోయిన ఆరు గంటల్లోపు కళ్లు సేకరించాలనేది కూడా ఎండోథీలియం కణాల కోసమే.

దాత అవసరాన్నే తగ్గించే దారి జపాన్‌లో తెరుచుకుంది. క్యోటోలో షిగేరు కినోషిటా బృందం ఎండోథీలియం కణాలను ప్రయోగశాలలో పెంచి, సూదితో కంట్లోకి ఎక్కించింది. రోగి మూడు గంటలు బోర్లా పడుకుంటే కణాలు బరువుకు కార్నియా వెనక్కి దిగి అతుక్కుంటాయి. 2018లో ప్రచురించిన ఫలితాల ప్రకారం 11 మందిలో ఆరు నెలలకు అందరికీ కణాల సంఖ్య 500 దాటింది, 10 మందికి 1,000 దాటింది. 2023లో అక్కడి ప్రభుత్వం ఈ చికిత్సను ఆమోదించింది. ఒక్క దాత కణాలను పెంచి చాలామందికి సర్దవచ్చన్నది దీనితో వచ్చిన పెద్ద వెసులుబాటు. ఖర్చు తగ్గి, ఆ సౌకర్యం మన ఊళ్లకు చేరేదాకా తొలి దశ రోగుల చీటీల్లో ఉప్పు ఆయింట్‌మెంట్ పేరు కనపడుతూనే ఉంటుంది.